కిటికీ దగ్గరి ఫోన్

"ఆమెకు చెప్పు, నాకు కాఫీ వద్దని," అంది కదిరమ్మ మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండా.

ఆమె అంటే పక్కింటి మనిషి కాదు. గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డ కోడలు జ్యోతిలక్ష్మి. చెప్పాల్సినవాడు కొడుకు ఓబిలేషు. అతను గడప దగ్గర కూర్చుని ఉగ్గాని తింటున్నాడు. అత్తాకోడళ్ళ మధ్య మాటలన్నీ ఇప్పుడు అతని మీదుగానే పోతున్నాయి.

"ఎండ ముదిరితే సొమ్మసిల్లి పడతాది. తాగమని చెప్పు బావా," అంది జ్యోతిలక్ష్మి.

"పడితే పడతాలే. నేను ఒత్తితే లోకం మునిగిందంట. పడితే ఏం మునుగుతాదో అదీ చూద్దాం."

"నువ్వు అనేది ఆమెకు వినపడతాంది. ఆమె అనేది నీకు వినపడతాంది," అన్నాడు ఓబిలేషు. "నడుమ నన్నెందుకు నలుపుతారు? తిండి గొంతు దిగల్ల గదా నాకు."

మగ్గంలో పోగుల మధ్య నాడె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోతూనే ఉంది. జ్యోతిలక్ష్మి గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఓబిలేషు చెయ్యి కడుక్కుని వెనకాలే వచ్చాడు. "మద్దేనం విచారణకని ఆ బెంగుళూరాయప్ప కంప్యూటర్‌లోకి వస్తాడు గదా. ముందు ఏం చెప్పినావో అదే చెప్పు. మాట మార్చద్దు."

జ్యోతిలక్ష్మి గిన్నెలు ముందేసుకుని కూర్చుంది.

ఆమె పని చేసేది చాలా దేశాల్లో హోటళ్ళున్న ఒక పెద్ద కంపెనీకి. గదులు బుక్ చేసుకున్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు అన్నీ ఆమె కంప్యూటర్‌లో కనిపిస్తాయి. అందుకని కంపెనీ ఆమెకు గట్టి నిబంధనలు పెట్టింది. తలుపు మూసిన గదిలో కూర్చోవాలి. తెర ఇంకొకరి కంట పడకూడదు. కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ కంపెనీ ఇచ్చిన ఫోన్‌కు "మీరేనా?" అని ఒక ప్రశ్న వస్తుంది. అవునని ఒత్తితేనే లోపలికి పోనిస్తుంది. ఆ ఫోన్‌ను ఇంటి వైఫైకి కలపకూడదు, ఇల్లు దాటించకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు.

అన్నీ మంచి నిబంధనలే. రాసిన మహానుభావులు బండల మిద్దె ఎప్పుడూ చూసి ఉండరు, అదొక్కటే లోపం. ఆ ఇంట్లో తలుపు మూసుకునే గది ఒక్కటే ఉంది, పట్టూ జరీ దాచుకునే లోపలి గది. ఆ రాతి గోడల మధ్యకి ఫోన్ సిగ్నల్ రాదు. మగ్గం పక్కనున్న కిటికీ దగ్గరే వస్తుంది. ప్రశ్న వచ్చినప్పుడల్లా జ్యోతిలక్ష్మి లేచి అక్కడికి పరుగెత్తేసరికి గడువు దాటిపోయేది. లోపల లైన్లో ఉన్న కస్టమర్ విసుక్కునేవాడు.

చివరికి కదిరమ్మే దారి చూపించింది. ఫోన్‌ను గుడ్డ సంచిలో వేసి కిటికీ కమ్మీకి తగిలించింది. లోపల్నుంచి కోడలు "అత్తా, ఒత్తు" అనేది. అత్త ఒత్తేది. మగ్గం ఉన్న ఇంట్లో అదేమీ కొత్త సంగతి కాదు. చీర మీద బుటా పువ్వు వేసేటప్పుడు ఒకరు పిలిస్తే ఇంకొకరు దారం ఎత్తాలి. ఎందుకు, ఏమిటి అని అడుగుతూ కూర్చుంటే చీర సాగదు. కదిరమ్మ ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మామ పక్కన కూర్చుని మొట్టమొదట నేర్చుకున్నది, అడగకుండా ఎత్తడమే.

అలా అన్ని దేశాల హోటళ్ళ తాళంచెవి ఒకటి కొత్తచెరువు ఊళ్ళో కదిరమ్మ చేతికి అందేంత దగ్గరలో వేలాడుతూ ఉండేది.

పోయిన శుక్రవారం గోరంట్లలో బంధువుల పెళ్ళి. మొగుడూ పెళ్ళాలు వెళ్ళారు. జ్యోతిలక్ష్మి సొంత ఫోన్ వెంట తీసుకెళ్ళింది. కంపెనీ ఫోన్ కిటికీకే ఉంది. ఆ రోజే ఎవరో ఆమె పాస్‌వర్డ్‌తో కంపెనీ కంప్యూటర్లలోకి దూరబోయారు. ఫోన్ "మీరేనా?" అని అడిగింది. కదిరమ్మ ఒత్తింది. వచ్చినవాళ్ళు లక్షల మంది వివరాలు ఊడ్చుకుపోయారు.

కంపెనీ అడిగినప్పుడు జ్యోతిలక్ష్మి భయపడి అబద్ధం చెప్పింది. ఫోన్ తన దగ్గరే ఉందనీ, తాను ఒత్తలేదనీ అంది. అత్తను మాత్రం ఒక్కటే అడిగింది. "ఒత్తినావా?" ఒత్తినానని కదిరమ్మ అంటే, ఇంక రెండో మాట విననేలేదు. "ఎవరికీ చెప్పద్దు. నోరు మూసుకో."

కదిరమ్మ కోడలి విషయంలో నోరు నిజంగానే మూసుకుంది.

గిన్నెలు తోముతుండగా జ్యోతిలక్ష్మి ఫోన్ మోగింది. మహేశ్వరి. తనకల్లు పిల్ల, అదే కంపెనీలో, అదే జట్టులో ఇంటి నుంచే పని చేస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు తెర మీద తప్ప చూసుకోలేదు గానీ, పని మధ్యలో చెప్పుకోని ముచ్చట లేదు. జ్యోతిలక్ష్మి తడి చేత్తోనే ఫోన్ తీసుకుని పెరట్లోకి నడిచింది.

"అక్కా, కంప్యూటర్ గూడా తీసుకపోయినారు," అంది మహేశ్వరి.

"ఏమన్నారు?"

"నీ పేరు మీద ఇంకో ఫోన్ ఎక్కించి నా కాడ పెట్టుకున్నానంట. పోయిన నెల నీకు కొత్త ఫోన్ వచ్చినప్పుడు లెక్కలో చేర్చింది నేనే గదా. అప్పుడే దొంగతనంగా రెండోది చేర్చినానంటారు. దాంట్లోనే ఒత్తినానంట."

జ్యోతిలక్ష్మి గోడకు ఆనుకుంది.

"ఫోన్ నీ కాడే ఉండె, నువ్వు ఒత్తలేదంటివి. మరి ఎవరు ఒత్తినారని వాళ్ళు నన్ను అడుగుతాండారు. నేనేం చెప్పేది అక్కా? మా నాయన బయటికే పోవడం ల్యా. ఊర్లో అందరికీ తెలిసిపోయింది, దొంగతనం కేసని."

"ఈ పొద్దు వాళ్ళతో మాట్లాడతా."

"ఏమని మాట్లాడతావు?"

"మాట్లాడతానని చెప్పినా గదా."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె అక్కడే నిలబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అత్తను కాపాడుకోవాలని అన్న మాట పోయి పోయి ఏ పాపమూ ఎరగని పిల్ల మెడకు చుట్టుకుంది. ఆ పిల్ల ఇంకా అక్కా అనే పిలుస్తోంది.

లోపలికి వచ్చి మొగుడితో సూటిగా చెప్పింది. "నిజం చెప్పేస్తా బావా."

ఓబిలేషు ధర్మవరం తీసుకుపోవాల్సిన చీరలు మడత పెడుతున్నాడు. మడత ఆపలేదు. "చెప్తే ఏమైతాది?"

"నా ఉద్యోగం పోతాది."

"అంతేనా? ఫోన్ బయటోళ్ళ చేతికిచ్చినావని కేసు పెడతారు. పోలీసులు వచ్చి మాయమ్మను అడుగుతారు."

"అత్త బయటి మనిషా?"

"నీకు కాదు. వాళ్ళ కాగితంలో బయటి మనిషే." చీర పక్కన పెట్టాడు. "బోరు ఎండిపోయి చేను బీడు పెట్టుకున్నాం. నీ పనీ ఈ మగ్గమూ తప్ప ఏముండాది మనకు? ముందు మన ఇల్లు చూడు."

"మహేశ్వరి గతేం?"

"చదువుకున్న పిల్ల. ఇంకో పని దొరుకుతాది."

"దొంగ అని పేరు పడినంక ఎవరిస్తారు?"

ఓబిలేషు ఇంకో చీర అందుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. భయపడ్డప్పుడు మనిషి తన గడప లోపలే చూస్తాడు, అతనూ అంతే. "అంత పెద్ద కంపెనీ. వాళ్ళకేమైతాదిలే," అన్నాడు చివరికి.

"కంపెనీకి ఏమీ కాకపోవచ్చు. పోయిన వారం ఒక ముసలామె లైన్లోకొచ్చింది. మనవరాలి పెండ్లికి పోతాందంట, కిటికీ ఉండే గది కావాలని ఎంతసేపు అడిగిందో. ఆమె పాస్‌పోర్ట్ నేను చూసినా. అది ఇప్పుడు ఎవడి చేతిలో ఉండాదో. గది దుడ్లు వాపసు ఇస్తామని అందరికీ ఫోన్లు చేసి ముంచుతాండారంట. నన్ను నమ్మి ఇచ్చిండ్రి గదా వాళ్ళు."

"నిన్ను నమ్మి ఇయ్యలే. కంపెనీని నమ్మి ఇచ్చినారు."

"వాళ్ళతో మాట్లాడింది నేను బావా. వాళ్ళకు కంపెనీ అంటే నా గొంతే."

అప్పుడు గమనించారు ఇద్దరూ, మగ్గం చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని.

కదిరమ్మ గుంతలోంచి లేచి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. ఇన్ని రోజుల్లో అదే మొదటిసారి.

"నా పేరు చెప్పేదానికి నీకు నామోషీనా, భయమా?"

"భయం అత్తా. నీకేమన్నా అయితే..."

"నాకేమైతాది? నేను దొంగతనం చేసినానా, రంకు చేసినానా? ఒత్తినా. ఇన్నాళ్ళూ నువ్వు ఒత్తమంటేనే ఒత్తినా. నోరు మూసుకో అంటివి చూడు, అదీ నాకు పట్టుకుంది. మీ నాయన, నా సొంత అన్న, ఏ పొద్దూ నన్ను ఆ మాట అనలే. ఆయన కడుపున పుట్టినదానివి నువ్వు అంటివి."

జ్యోతిలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పైంది అత్తా."

"అది ఇప్పటికి తెలిసిందా?"

"అప్పుడే తెలిసింది. చెప్పేదానికి మొగం చెల్లల్యా."

కదిరమ్మ మెడ మీది చెమట కొంగుతో తుడుచుకుంది. "ఆ తనకల్లు పిల్లకు పెండ్లయిందా?"

"కాలేదు."

"అయితే ఇంక ఆలోచన యాల? నేను ఒత్తినానని చెప్పు. ఆయప్ప నన్ను పిలిస్తే నేనూ చెప్తా." కొడుకు వైపు తిరిగింది. "నువ్వు అడ్డం పడద్దురా. పోలీసులు వస్తే రానీ. వాళ్ళకు గూడా మగ్గం చూపిస్తా, ఎప్పుడూ చూసి ఉండరు." మళ్ళీ కోడలితో అంది. "ఆ కాఫీ ఉండాదా, పారబోసినావా?"

మధ్యాహ్నం జ్యోతిలక్ష్మి కంప్యూటర్‌ను లోపలి గదిలో పెట్టలేదు. దాచుకోవాల్సిన తెర ఇప్పుడు లేదు. ఆమె పనిని కంపెనీ ఇదివరకే ఆపేసింది. ఆ ఫోన్‌ను కూడా పరీక్షకని పట్టుకుపోయారు. మగ్గం పక్కన స్టూలు వేసి దాని మీద కంప్యూటర్ పెట్టింది. ఓబిలేషు తెరలో పడకుండా గోడ వారగా కూర్చున్నాడు. బయట గాలికి దుమ్ము లేస్తోంటే కిటికీ రెక్క ఒకటి మూశాడు.

తెర మీద విజయభాస్కర్ కనిపించాడు. బెంగుళూరులో కంపెనీ భద్రతా విభాగంలో విచారణలు చూసే మనిషి. నిదానంగా, ఎక్కడా గొంతు పెంచకుండా మాట్లాడతాడు. అరిచేవాడైతే ఇంతకంటే నయమని జ్యోతిలక్ష్మికి అనిపించింది.

"జ్యోతిలక్ష్మి గారూ, మీరు ఇదివరకు చెప్పినదాన్ని ఒకసారి చదువుతాను. సరిగా ఉందో లేదో చెప్పండి."

"చదవద్దు సార్. అది అబద్ధం."

అతని చేతులు కీబోర్డు మీద ఆగాయి. "చెప్పండి."

ఆమె అంతా చెప్పింది. రాతి గోడలు, కిటికీ, గుడ్డ సంచి, గోరంట్ల పెళ్ళి, అన్నీ. చెబుతుంటే గొంతు సర్దుకుంది. ఇన్ని రోజులూ గుండెల మీద కూర్చున్న బరువు కొంచెం కొంచెంగా దిగినట్టయింది.

విజయభాస్కర్ తిట్టలేదు. "ఇది చెప్పినందువల్ల మీకేం జరగొచ్చో తెలుసు కదా?"

"తెలుసు సార్."

"మీ ఉద్యోగం గురించి నేను మాట ఇవ్వలేను. అది నా చేతిలో లేదు."

"మహేశ్వరి సంగతి?"

"మీరు చెప్పింది మా పరీక్షతో సరిపోతే, రెండో ఫోన్ అన్నదే లేదు. ఆ అమ్మాయి మీద అనుమానానికి ఆధారం పోతుంది. సాయంత్రానికి పనిలోకి రమ్మనొచ్చు."

జ్యోతిలక్ష్మి దండం పెట్టబోయి, ఆగిపోయింది.

"మీ అత్తగారితో రెండు మాటలు మాట్లాడొచ్చా?"

కదిరమ్మ తెర ముందుకు వచ్చి కూర్చుంది. "నమస్తే నాయనా. అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా." అతను మొదటిసారి కొంచెం నవ్వాడు. "మామూలుగా మీ కోడలు పిలిస్తే ఒత్తుతారు. ఆ రోజు ఆమె ఇంట్లో లేరు. మరి ఎందుకు ఒత్తారు?"

"ఒత్తమంటే ఒత్తినా."

"ఎవరు ఒత్తమన్నారు?"

"ఆఫీసు పిల్ల."

ఓబిలేషు గోడ వదిలి ముందుకు జరిగాడు.

"ఏ ఆఫీసు పిల్ల అత్తా?" అంది జ్యోతిలక్ష్మి.

"నాకేం ఎరుక, మీ ఆఫీసు పిల్లే. ముందు ఆ ఫోను ఊరికే కొట్టుకుంటా ఉండె. నువ్వు లోపల ల్యావు గదా, నేను దాన్ని ముట్టుకోల్యా. మళ్ళా మళ్ళా అడిగె. అయినా ముట్టుకోల్యా. ఆ తర్వాత ఆ ఫోనుకే పిల్ల మాట్లాడింది. అత్తా, నేను జ్యోతక్క కాడ పని చేస్తా, అక్క పెండ్లికి పోయింది గదా, అర్జెంటు పని పడింది, ఈసారి వస్తే ఒత్తు అనింది. మన మాటే మాట్లాడె. మర్యాదగా మాట్లాడె."

"నాకెందుకు చెప్పలేదు?"

"నోరు మూసుకోమంటివి గదా."

విజయభాస్కర్ పక్కనున్న ఇంకో తెర వైపు తిరిగి ఏదో వెతికాడు. "అవును. ఆ రోజు ఆ ఫోన్‌కు ఒక కాల్ వచ్చింది. నంబర్ దొంగ నంబర్, దాంతో ఎవరినీ పట్టుకోలేం. ఆఫీసు మనుషులమని ఫోన్ చేయడం వాళ్ళకు మామూలే. కానీ ఫోన్ చేసేది ఉద్యోగికి. ఇక్కడ ఫోన్ ఎత్తేది మీరేనని ముందే తెలిసి చేశారు. అమ్మా, ఇంకేమైనా అందా?"

"కిటికీ కాడ సంచిలో ఉంటాది గదా, చేతికి అందుతాదా అత్తా అని అడిగింది. అందుతాదంటి."

విజయభాస్కర్ అది రాసుకున్నాడు. "జ్యోతిలక్ష్మి గారూ, ఆ కిటికీ సంగతీ, మీ అత్తగారు ఒత్తుతారన్న సంగతీ మీ ఇంటి బయట ఎవరికి తెలుసు?"

ఆమెకు ఆలోచించాల్సిన పని లేదు. పోయిన నెల కొత్త ఫోన్‌ను లెక్కలో చేర్చే రోజు. మీ గదిలో సిగ్నల్ ఉండదంటివే, ఇంత బిరీన ఎట్ల ఒత్తినావక్కా అని మహేశ్వరి అడిగింది. మా అత్త ఉండాది గదా, కిటికీ కాడ కాపలా, అని తాను నవ్వుతూ మొత్తం చెప్పింది. మహేశ్వరి కూడా నవ్వింది. ఇంకెవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుందని తెలుసు కాబట్టి ఇంకొక్క మనిషికి కూడా చెప్పలేదు. శుక్రవారం పెళ్ళికి పోతున్నానన్నదీ ఆ పిల్లతోనే.

"ఒక్క నిమిషం సార్." ఆమె మైకు ఆపేసింది. కెమెరా కూడా ఆపేసింది.

ఓబిలేషు లేచి వచ్చాడు. "ఎవరికి చెప్పినావు?"

"మహేశ్వరికి."

అతను నుదురు కొట్టుకున్నాడు. "పొద్దుట్నుంచి నువ్వు ఏడ్చింది ఆ పిల్ల కోసమేనా? ఉద్యోగం పోగొట్టుకున్నది దానికోసమేనా? ఇంక యాల ఆలోచన? పేరు చెప్పు."

"ఆ పిల్ల ఇంకెవరితోనైనా నవ్వుతా చెప్పి ఉండచ్చు గదా, నేను చెప్పినట్ల."

"అది ఆయప్ప తేల్చుకుంటాడు."

"ఒకసారి నా మాటతో ఆమెను దొంగను చేసినా బావా. మళ్ళా చెయ్యల్నా?"

తెర మీద విజయభాస్కర్ ఇంకా కాచుకుని ఉన్నాడు. పిలుస్తున్నాడు కూడా. "జ్యోతిలక్ష్మి గారూ, వినిపిస్తోందా?"

ఆమె అత్త వైపు తిరిగింది. "ఆ పిల్ల గొంతు మళ్ళా వింటే పట్టగలవా అత్తా?"

"యాల పట్టను? అత్తా అత్తా అని అన్నిసార్లు పిలిచె."

జ్యోతిలక్ష్మి తన ఫోన్ తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి మహేశ్వరికి కలిపింది. స్పీకర్ పెట్టింది. అటువైపు ఒక్కసారి మోగీ మోగకముందే ఎత్తారు.

"అక్కా, చెప్పినావా? ఏమన్నారక్కా?"

జ్యోతిలక్ష్మి ఫోన్‌ను అలాగే పట్టుకుని అత్త ముఖంలోకి చూస్తూ నిలబడింది.